తెలుగు దావలో జపాన్‌కు

(తిరుపతిలో డిగ్రీ విద్యార్థుల సభలో, జపాన్‌లో ఏడాది చదివి వచ్చిన చిత్తూరు జిల్లా అమ్మాయి ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలందరికీ నమస్కారం. మేడమ్ వాళ్లకు నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, నాయనలకు ఇంకో నమస్కారం. ఆడపిల్లను ఒంటరిగా పరాయి దేశం పంపే సంగతి వినడానికి పనులు మానుకుని వచ్చినారు మీరు. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఈ పక్క కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మొదట ఒక మాట అడుగుతాను. మీలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఎత్తండి, దాంట్లో మొహమాటం ఎందుకు? చూసినారా, దగ్గర దగ్గర సగం హాలు. నేనూ అంతే. చిత్తూరు దగ్గర పల్లెటూరు మాది. మా నాయన చెరకు పెట్టి, గానుగ ఆడించి, బెల్లం వండుతాడు. మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో అంతా తెలుగులోనే చదివినాను. ఈ రోజు నేను చెప్పేది ముఖ్యంగా చేతులెత్తిన ఆ సగం హాలు కోసం.

ఇంటర్ అయినాక జపనీస్ చదువుతానంటే మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆ ఊహ ఎక్కడిది అంటారా? మా చిన్నాయన కొడుకు శ్రీసిటీలో పని చేస్తాడు. ఇసుజు, దైకిన్, కోబెల్కో, ఇట్లా జపాన్ కంపెనీలు అక్కడ ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మీ ఇళ్లలో కూడా ఎవరో ఒకరు పొద్దున్నే ఆ బస్సెక్కేవాళ్లు ఉంటారు. మా అన్న ఒకరోజు అన్నాడు, జపాన్ నుంచి ఇంజనీర్ వస్తే మాకూ ఆయనకూ నడుమ మాట చెప్పే మనిషి దొరకడం లేదమ్మా, దొరికితే మంచి జీతం ఇస్తారు అని. ఆ మాట పట్టుకునే నేను హైదరాబాద్ పోయి బీఏ జపనీస్‌లో చేరినాను.

చేరినాక ఏమైంది? రెండేళ్లు ఏడ్చినాను. పాఠం ఇంగ్లీషులో, పుస్తకం ఇంగ్లీషులో, పక్కన కూర్చున్నవాళ్ల సందేహాలు కూడా ఇంగ్లీషులో. ఒక సార్ నన్ను పిలిచి, "ముందు నీ ఇంగ్లీషు బాగుచేసుకో తల్లీ, జపనీస్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన నా మంచికే చెప్పినారు. కానీ ఆ మాట విని నేనేం చేసినాను? జపనీస్ వాక్యం కనబడితే ముందు ఇంగ్లీషులోకి మార్చేదాన్ని, ఆ ఇంగ్లీషును మనసులో తెలుగులోకి మార్చేదాన్ని. మళ్లీ జవాబు చెప్పాలంటే అదే దావలో వెనక్కి. చిత్తూరు నుంచి తిరుపతికి రావాలంటే బెంగుళూరు మీదుగా వస్తారా ఎవరైనా? నేను రెండేళ్లు అట్లానే తిరిగినాను.

ఆ తర్వాత జపాన్ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పుకు పరీక్ష రాసినాను. జపనీస్ భాష, సంస్కృతి డిగ్రీలో చదువుతున్నవాళ్లను ఒక ఏడాది అక్కడి యూనివర్సిటీకి పిలిపించే స్కాలర్‌షిప్పు అది. ఫీజు ఉండదు, పోను రాను విమానం టికెట్టు వాళ్లదే, నేను పోయినప్పుడు నెలకు 1,17,000 యెన్‌లు చేతికిచ్చేవాళ్లు. మన డబ్బుల్లో 60 వేల పైచిలుకు. మా నాయన బెల్లం అమ్మిన డబ్బు ఒక్క రూపాయి తీసుకోకుండా నేను ఏడాది బతికినాను. ఈ మాట అమ్మానాయనలు వినాలి. డబ్బు లేదని ఈ దావ మూసేయబాకండి.

2023 అక్టోబర్‌లో ఒకయామా అనే ఊరికి పోయినాను. పెద్ద ఊరే, కానీ టోక్యో లాంటిది కాదు. నేలంతా చదును, అందరూ సైకిళ్ల మీదే తిరుగుతారు. పోయిన మొదటి వారం ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఇల్లు చూసుకున్న 14 రోజుల లోపల పురపాలక ఆఫీసుకు పోయి చిరునామా నమోదు చేయించుకోవాలి, అక్కడ ఉండడానికి మనకిచ్చిన నివాస కార్డు వెనకాల వాళ్లు చిరునామా అచ్చు వేసిస్తారు. ఆరోగ్య బీమాలో చేరాలి. బ్యాంకు ఖాతా, ఫోను. చెత్త ఏ రోజు ఏ రకం బయట పెట్టాలో ఒక కాగితం ఇస్తారు, అది గోడకు అంటించుకోవాలి. ఇవన్నీ కుదురుకుంటాయి, వీటికి భయపడే పని లేదు.

నేను చెప్పాలనుకున్నది ఇప్పుడు మొదలవుతుంది, కొంచెం వినండి.

నేనున్న హాస్టల్‌ను చూసుకునే పెద్దావిడ ఒకామె ఉండేది. డెబ్భై దాటిన మనిషి. పొద్దున్నే గడప దగ్గర చిమ్ముతా ఉంటుంది. మేము బయటికి పోయేటప్పుడు ఒక మాట చెప్పాలి. "ఇత్తెకిమాస్." ఆమె "ఇత్తెరష్షాయ్" అంటుంది. పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉంటుంది ఇది. ఇంగ్లీషులో దీనికి అర్థం రాయడానికి తంటాలు పడతారు, ఎందుకంటే ఇంగ్లీషులో ఆ మాట లేదు. నేను రెండేళ్లుగా దాన్ని బట్టీ పట్టి అంటానే ఉన్నాను. మూడో రోజో నాలుగో రోజో, సైకిల్ తాళం తీస్తా "ఇత్తెకిమాస్" అన్నాను. అప్పుడు నా నోటి మాట నాకే వినబడింది. ఇత్తె అంటే పోయి. కిమాస్ అంటే వస్తాను. పోయి వస్తాను. పోయొస్తాను!

చూసినారా? మన ఇళ్లలో గడప దాటేటప్పుడు "పోతాను" అంటే ఊరుకుంటారా? మా అవ్వ అయితే వెనక్కి పిలిచి, "పోయొస్తా అను" అని, ఆ మాట అనిపించి మరీ పంపేది. మరి హాస్టల్ పెద్దావిడ చెప్పే ఇత్తెరష్షాయ్ ఏమిటి? పోయి రండి. మర్యాద కూడా దాంట్లోనే ఉంది. సైకిల్ అక్కడే నిలబెట్టి నేను ఆమెను చూస్తా ఉండిపోయినాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు, ఒంట్లో బాగలేదా అని అడిగింది.

ఆ రోజు నుంచి నేను ఇంగ్లీషు దావ వదిలేసినాను. పుస్తకం తీసి ఒక్కో వాక్యం కింద పెన్సిల్‌తో తెలుగు రాసుకుంటా పోయినాను. మీకు ఒకటి చెప్తాను, నాతో పాటు మనసులో అనుకోండి. "అమె గా ఫురు తొ ఇత్త." అమె, వాన. ఫురు, పడుతుంది. తొ, అని. ఇత్త, అన్నాడు. వాన పడుతుంది అని అన్నాడు. మాట వెనక మాట, ఒక్కటి కూడా చోటు మారలేదు! ఇంగ్లీషులో దీన్ని తిరగేసి మరగేసి చెప్పాలి. ఆ "అని" అనే మాట కోసం నాకు రెండేళ్లు వ్యాకరణం బోధించినారు. మనకు బోధించేదేముంది? పుట్టినప్పటి నుంచి అంటానే ఉన్నాం.

ఇంకొకటి. మనం ఒక వాక్యంలో ఎన్ని పనులైనా గొలుసు కట్టేస్తాం కదా. అంగడికి పోయి, కూరగాయలు కొని, వండి, తిని, పడుకున్నాను. వాళ్లూ అంతే. ఇత్తె, కత్తె, త్సుకుత్తె, తబెతె, నెత. చివరి క్రియ వచ్చేదాకా వాక్యం కొక్కేనికి వేలాడుతా ఉంటుంది. తబెతె అంటే తిని. మిరు అంటే చూడడం. మరి "తబెతె మిరు" అంటే? చెప్పండి. గట్టిగా చెప్పండి. తిని చూడడం! రుచి చూడు అనే అర్థంలో తిని చూడు అంటాం, వాళ్లూ కంటితో చూసే చూపునే అక్కడ పెట్టినారు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, చివరిలో దీనితో పని ఉంది.

మర్యాద మాటల దగ్గర ఇంగ్లీషులో చదువుకున్నవాళ్లు చాలా అవస్థ పడతారు. వాళ్లకు ఒక క్రియ ఉంది, ఇరష్షారు అని. పెద్దవాళ్లు వస్తే అదే, పోతే అదే, ఉంటే అదే. ఒకే మాటకు వేర్వేరు అర్థాలేమిటి అని మా క్లాసులో యూరప్ నుంచి వచ్చిన పిల్లలు తల పట్టుకునేవాళ్లు. మనకు దయచేయండి అనే మాట ఉంది కదా. లోపలికి దయచేయండి అంటే రమ్మని, ఇక దయచేయండి అంటే పొమ్మని. నాకు ఆ పాఠం పది నిమిషాలు పట్టలేదు.

అక్షరాల సంగతి కూడా చెప్పాలి. వాళ్ల చిన్న అక్షరాలు రెండు రకాలు, హిరగానా, కతకానా, ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఒక్కోదాంట్లో 46. వాటి వరస ఏమిటి? అ ఇ ఉ ఎ ఒ. తర్వాత? క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల వినబడుతోందా? క, చ, త, న, ప, మ, య, ర, వ. చ ఉండే చోట స ఉంది, ప ఉండే చోట హ ఉంది. ఆ హ వరస కూడా వెయ్యేళ్లకు పైగా ముందు ప అని పలికేవాళ్లంట. ఇది యాదృచ్ఛికం అనుకోబాకండి. బౌద్ధం వెంట సంస్కృతం అక్కడికి పోయింది, సిద్ధం అనే మన పాత లిపి పోయింది, ఆ చదువుతో వాళ్ల పండితులు తమ అక్షరాలను ఇట్లా పేర్చుకున్నారు. నారాలో ఉండే మహాబుద్ధుడికి 752లో కళ్లు దిద్దే పండుగ జరిపించింది కూడా బోధిసేనుడు అని, మన దేశం నుంచి పోయిన భిక్షువు.

ఇక కాంజీ, అంటే చైనా నుంచి తెచ్చుకున్న బొమ్మల్లాంటి అక్షరాలు. నిత్యం వాడేవాటి ప్రభుత్వ జాబితాలోనే 2,136 ఉన్నాయి. ఒక్కోదానికి రెండు మూడు ఉచ్చారణలు. ఒకే గుర్తును నీళ్లు అనే అర్థంలో ఒంటరిగా రాస్తే మిజు అని చదవాలి, ఇంకో గుర్తుతో కలిపితే సుయ్ అని చదవాలి. ఎందుకట్లా? అయ్యా, మనం తాగేటప్పుడు నీళ్లు అంటాం, కరెంటు దగ్గరికి వచ్చేసరికి జలవిద్యుత్ అంటాం. నీళ్లవిద్యుత్ అంటామా? అనము. ఒకటి ఇంటి మాట, ఒకటి బయట నుంచి తెచ్చుకున్న పండితుల మాట. వాళ్ల మిజు మన నీళ్లు, వాళ్ల సుయ్ మన జలం. అంతే తేడా. గుర్తులు రాసి రాసి నేర్చుకోవాల్సిందే, దానికి తెలుగు సాయం రాదు. స్వరం ఎక్కడ లేపాలి, ఎక్కడ దించాలి అనేదానికీ రాదు. హషి అనే మాటలో మొదటి అక్షరం ఎత్తి పలికితే అన్నం తినే పుల్లలు, రెండో అక్షరం ఎత్తి పలికితే వంతెన. నేను ఇప్పటికీ దాంట్లో పొరపాట్లు చేస్తాను.

అయితే రెండు భాషలూ అక్కాచెల్లెళ్లా అని అడుగుతారు. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కూ చుట్టరికం ఉందని చాలా రాసినాడు. ఎక్కువమంది భాషా శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. చుట్టరికంతో మనకు పనేముంది, నేర్చుకోవడానికి పోలిక చాలు.

సరే, ఇప్పుడు ప్రయాణాల సంగతి. దీనికి కారణం రాగి పిండి.

నవంబర్‌లో చలి మొదలైంది. నాకు సంగటి మీద మనసు పోయింది. కోబేలో మనవాళ్ల సరుకుల కొట్టు నుంచి పోస్టులో రాగి పిండి తెప్పించుకున్నాను. వేరుశనక్కాయలు అక్కడే దొరుకుతాయి, ఎండుమిరపకాయలు దొరుకుతాయి, ఊరుబిండి రోట్లో నూరే భాగ్యం లేక మిక్సీలో వేసినాను. సంగటి కెలుకుతా ఉంటే ఆ పెద్దావిడ వాసన పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. ఇదేమిటి అని అడిగింది. రాగులకు జపనీస్‌లో ఏమంటారో నాకు తెలీదు. ఫోన్లో నిఘంటువు తీసి చూస్తే, షికొకుబియె అని వచ్చింది. ఆమె చదివి, "ఓ, షికొకుబియెనా! మా అమ్మమ్మ చిన్నప్పుడు కొండల్లో తినేవాళ్లంట, పిండిని వేడినీళ్లలో పిసికి" అనింది.

షికొకు అంటే ఏమిటి? ఒకయామాకు దక్షిణంగా, సముద్రానికి అవతల ఉండే దీవి. జపాన్ నాలుగు పెద్ద దీవుల్లో చిన్నది. మన రాగులకు వాళ్లు ఆ దీవి పేరు పెట్టుకున్నారు. అమ్మా, మా ఇంట్లో రోజూ తినే సంగటికి ఒక దీవి పేరుందని తెలిసినాక ఊరుకోబుద్ధి అవుతుందా? ఆ వారమే ఆ దీవికి టికెట్టు కొన్నాను. ఒంటరిగా. పుట్టినప్పటి నుంచి నేను ఒంటరిగా పోయింది చిత్తూరు నుంచి తిరుపతికే.

మా నాయనకు ఫోన్లో చెప్తే చాలాసేపు పలకలేదు. మనకన్నా అక్కడ మూడున్నర గంటలు ముందు. "అక్కడ చీకటి పడేలోగా గదికి చేరుకో, చేరినాక ఫోన్ చెయ్యి" అన్నాడు. అంతే. వద్దనలేదు. ఏడాదంతా ఆ షరతు నేను తప్పలేదు. ఆడపిల్లలు ఒంటరిగా పోవచ్చా అని మీరు అడగబోతున్నారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా. పోవచ్చు. కానీ చివరి బస్సు ఎన్ని గంటలకో ముందే రాసుకోవాలి, ఆడవాళ్లకు వేరే గది ఉన్న బసే తీసుకోవాలి, ఎక్కడికి పోతున్నామో ఇద్దరికి చెప్పి పోవాలి. నేను హాస్టల్ పెద్దావిడకు కాగితం మీద రాసిచ్చి పోయేదాన్ని.

మొదటి ప్రయాణం కొతొహిరా. 1988లో కట్టిన వంతెన మీద, సముద్రం పైన తొమ్మిది కిలోమీటర్లకు పైగా రైలు పోతుంది. కింద పడవలు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. కొతొహిరాలో కొండ మీద గుడి. ప్రధాన ఆలయానికి 785 మెట్లు, ఇంకా పైన ఉండే లోపలి గుడి దాకా మొత్తం 1,368. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి పెరిగినవాళ్లం, మనకు అదొక లెక్కా? అక్కడివాళ్లు ఆగి ఆగి ఎక్కుతా ఉంటే నేను గోవిందా అనుకుంటా పోయినాను. ఆ గుడికి జనం పెట్టుకున్న పేరు కొంపిరా. పైన ఒక పెద్దాయనను కొంపిరా అంటే ఏమిటండీ అని అడిగితే, "అది మీ దేశం మాటేనమ్మా, కుంభీర" అన్నాడు. సంస్కృతంలో కుంభీరం అంటే మొసలి. నీళ్లలో ఉండే దేవుడు, పడవలవాళ్లను కాపాడతాడని నమ్మకం.

రెండో ప్రయాణం ఫిబ్రవరిలో. షికొకు చుట్టూ 88 గుళ్ల యాత్ర ఉంది. సుమారు 1,200 కిలోమీటర్లు, నడిచేవాళ్లు నలభై రోజులకు పైనే నడుస్తారు. కూకాయ్ అనే మహాగురువు, 774లో పుట్టి 835లో పోయినాడు, ఆయన తిరిగిన దావ అని చెప్తారు. నేను మొదటి ఐదు గుళ్లు, పదకొండు కిలోమీటర్ల దావ నడిచినాను. దానికి బందో అనే చిన్న స్టేషన్లో దిగాలి. ఇక్కడ ఒక పొరపాటు చేసినాను, వినండి, మీరు చేయకుండా. పల్లె రైళ్లలో డ్రైవర్ ఒక్కడే ఉంటాడు. స్టేషన్లో మనుషులు లేని చోట ముందు పెట్టె తలుపు మాత్రమే తెరుస్తారు. లోపల చెప్తానే ఉన్నారు, నాకు ఆ మాటలు తెలుసు కూడా, కానీ పట్టించుకోలేదు. వెనక పెట్టెలో తలుపు ముందు నిలబడినాను. తలుపు తెరుచుకోలేదు. రైలు కదిలిపోయింది. తర్వాతి స్టేషన్లో దిగితే వెనక్కి పోయే రైలు గంట తర్వాత. చలి. చుట్టూ పొలాలు. ఏడుపు వచ్చింది.

అక్కడ బెంచీ మీద ఒక అవ్వ, పక్కన ముల్లంగి మూట. ఎక్కడి నుంచి అని అడిగింది. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అని అడిగింది! ఐదు నెలల్లో అట్లా అడిగిన మొదటి మనిషి ఆమె. ఏడు కొండలున్నాయి, పైన దేవుడున్నాడు, జనం మెట్లెక్కి నడిచి పోతారు అని చెప్పినాను. తల గుండు చేయించుకుంటారని చెప్తే ఆడవాళ్లు కూడానా అని అడిగింది. ఆడవాళ్లూ అంటే చాలాసేపు తల ఊపింది. గంట ఎట్లా పోయిందో తెలీదు. ఆ గంటలో నేను ఒక్క వాక్యం కూడా మనసులో ఇంగ్లీషులో కట్టలేదు. అది నాకు సాయంత్రం దాకా తెలియనే లేదు. రైలు వచ్చినాక ఆమె మూటలో నుంచి రెండు నారింజలు తీసి చేతిలో పెట్టింది. యాత్ర చేసేవాళ్లకు దారిలో జనం పండో, టీయో, కొంచెం చిల్లరో ఇస్తారు. ఒసెత్తాయ్ అంటారు దాన్ని. వద్దనకూడదు. తీసుకుని, మన పేరు రాసిన చీటీ వాళ్లకివ్వాలి. నా దగ్గర చీటీ లేదు, నోటుబుక్కు చింపి పేరు తెలుగులో రాసిచ్చినాను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

ఆ గుళ్లలో యాత్రికులు చదివే మంత్రం ఒకటి ఉంది. గుంపు ఒకటి గట్టిగా చదువుతా ఉంటే దూరం నుంచి విన్నాను. "ఒన్ అబొక్య బెయిరొషనొ మకబొదర మని హందొమ జింబర హరబరితయ ఉన్." ఒకసారి అర్థం కాలేదు. రెండోసారి మని అనే మాట దగ్గర చెవి ఆగింది. మూడోసారి మొత్తం తెలిసిపోయింది. ఓం అమోఘ వైరోచన మహాముద్రా మణి పద్మ జ్వల ప్రవర్తయ హూం. వాళ్లకు ఘ లేదు, ప్ర లేదు, ల లేదు. నోటికి వచ్చినట్టు పన్నెండు వందల ఏళ్లుగా కాపాడుకుంటా వచ్చినారు. నాకు ఒళ్లు జలదరించింది.

మరుసటి రోజు దగ్గరలోనే ఉన్న కమిఇతా అనే ఊరికి పోయినాను. అది నేను మా నాయన కోసం పెట్టుకున్న ప్రయాణం. అక్కడ చెరకు పండిస్తారు, వాసన్బోన్ అనే చక్కెర చేస్తారు. చెరకు చూస్తే నాకు జాలి వేసింది, వెదురు పుల్లలంత సన్నం, మన చెరకు పక్కన పెడితే దుబ్బుగడ్డి అనుకుంటారు. ఒక చిన్న పాకలో పొయ్యి మీద పెనం, పెనంలో రసం మరుగుతోంది. ఆ వాసన! రెండు అడుగులు లోపలికి వేసి నిలబడిపోయినాను. అది మా గానుగ వాసన. ఆరు వేల కిలోమీటర్ల దూరం కాదు, సంక్రాంతి తర్వాత మా కయ్యి గట్టున నిలబడినట్టే ఉండింది.

పెనం దగ్గర పెద్దాయన ఒకటే మాట అంటున్నాడు, "అకు, అకు" అని. నేను ఆకు అనుకున్నాను. రసంలో ఏదైనా ఆకు పడిందేమో అని వంగి చూస్తున్నాను. ఆయన గరిటె తీసుకుని రసం మీద తేలిన నురగను ఒక పక్కకు లాగి తీసి పారేసినాడు. అప్పుడు తెలిసింది, అకు అంటే మడ్డి! మా నాయన పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తీసే మడ్డి. నేను ఆయనను గరిటె అడిగినాను. అనుమానంగానే ఇచ్చినాడు. రసాన్ని కలపకూడదు, నురగ అంచు దగ్గర గరిటె బల్లపరుపుగా పెట్టి, తన వైపుకు నెమ్మదిగా లాక్కోవాలి. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాయన నా చెయ్యి పట్టుకుని నేర్పించినాడు. మూడుసార్లు లాగినాను. ఆ పెద్దాయన "నువ్వు చేసినదానివే" అన్నాడు. ఏడాది మొత్తం యూనివర్సిటీలో ఎన్నో మార్కులు వచ్చినాయి నాకు, ఆ మాటకు సాటి వచ్చేది లేదు.

తర్వాత వాళ్లు చేసే పని మన దగ్గర లేదు. పాకం గట్టిపడినాక గుడ్డలో మూటగట్టి, చెక్క పెట్టెలో పెట్టి, పైన దూలానికి రాళ్లు వేలాడదీసి నొక్కుతారు. నల్లటి పానకం కారిపోతుంది. మూట విప్పి, పీట మీద వేసి, కొంచెం కొంచెం నీళ్లు చేతికి అద్దుకుంటా పిసుకుతారు. మళ్లీ నొక్కుతారు. మళ్లీ పిసుకుతారు. బోన్ అంటే పళ్లెం, సాన్ అంటే మూడు. పళ్లెంలో మూడుసార్లు పిసికేది అని ఆ పేరు. చివరికి మీగడ రంగులో, పిండి లాంటి చక్కెర మిగులుతుంది.

ఇంకో ముక్క చెప్పి ముగిస్తాను, టైము అవుతోందని మేడమ్ చూస్తున్నారు. మార్చిలో నాకు పన్ను నొప్పి వచ్చింది. బీమా ఉంటే ఖర్చులో వందకు ముప్పై మనం పెట్టుకుంటే చాలు, కాబట్టి డాక్టరు దగ్గరికి పోవడానికి భయం లేదు. భయమంతా నొప్పి ఎట్లా చెప్పాలా అని. డాక్టరమ్మ అడిగింది, "జుకిజుకి? చికుచికు? హిరిహిరి?" ఈ మాటలకు పుస్తకంలో అర్థం లేదు. కానీ మన అవ్వలు నొప్పి ఎట్లా చెప్తారు? చురుకు చురుకుమంటోంది అంటారు, సుర్రుమంటోంది అంటారు, జివ్వుమని లాగుతోంది అంటారు. నేను ఒక్క క్షణం ఆ మూడు శబ్దాలూ నోట్లో తిప్పుకుని, "జుకిజుకి" అన్నాను. సరిగ్గా అదే. లోపల సలుపు.

మా హాస్టల్ పెద్దావిడ మాట్లాడేది కూడా పుస్తకం భాష కాదు, ఒకయామా యాస. పుస్తకం భాషలో వాన పడుతోంది అన్నా, వాన పడి నేల తడిసి ఉంది అన్నా క్రియ ఒకటే. ఆమె మాటలో రెండు. పడతా ఉంటే "ఫుర్యోరు", పడి ఉంటే "ఫుత్తోరు". మనకు లేదా? వాన పడతాండాది, వాన పడుండాది. హైదరాబాద్‌లో నేను పడతాండాది అంటే క్లాసులో నవ్వినారు, నేను ఆ మాట మానేసినాను. ఒకయామాలో ఆ పెద్దావిడ పక్కన కూర్చుని మళ్లీ నేర్చుకున్నాను. ఇప్పుడు మానను.

2024 సెప్టెంబర్‌లో తిరిగి వచ్చినాను. వచ్చేటప్పుడు పెట్టెలో తెచ్చినది ఇదిగో, ఈ చిన్న డబ్బా. కమిఇతా చక్కెరను చెక్క అచ్చులో ఒత్తి చేసిన బిళ్లలు, పూల ఆకారంలో ఉన్నాయి. పక్కన ఈ పళ్లెంలో ఉన్నది మా నాయన పోయిన నెల వండిన బెల్లం. రెండూ చెరకే. చెల్లెలా, ఆ చివర నుంచి మొదలుపెట్టు. ఒక్కొక్కరు రెండూ తీసుకోండి, బిళ్ల చిన్నదే, నాలుక మీద పెట్టుకోండి, కొరకబాకండి. అమ్మా, మీరూ తీసుకోండి. తబెతె మితె కుదసాయ్. ఏమన్నాను ఇప్పుడు? ఆ, వెనక నుంచి చెప్పినారు చూడండి.

తిని చూడండి.